విస్తులా డెల్టాలో కలెక్టర్ ఎవరు?

ప్రశ్న: మా మేనల్లుడికి పోలండ్‌లో, గ్డాన్స్క్ ఓడరేవులో ఉద్యోగం వచ్చింది. అదీ మన కోనసీమలాగే డెల్టానే అంటున్నాడు. నిజమేనాండీ? అక్కడ జనం దేని మీద బతుకుతారు? కలెక్టర్ లాంటి అధికారి ఎవరు?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: నిజమేనమ్మా, అయితే గ్డాన్స్క్ ఉన్న రాష్ట్రమంతా డెల్టా కాదు. పొమెరేనియా అంటారు దాన్ని. విస్తీర్ణం 18,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, జనాభా సుమారు 23 లక్షలు. మధ్యలో చెరువులు, చిన్న కొండలు. తూర్పున విస్తులా నది బాల్టిక్ సముద్రంలో కలిసే చోట ఉన్న పల్లపు నేలే జువావి. రాజోలు దగ్గర బడిలో భూగోళం చెప్పినన్నాళ్లూ, డెల్టా పాఠం రాగానే దీని సంగతి పిల్లలకు చెప్పకుండా ఉండలేకపోయేవాణ్ణి.

ఎందుకంటే అందులో కొంత భాగం సముద్ర మట్టం కన్నా కిందే ఉంది. మనకు కాటన్ దొర ఆనకట్టతో చేలకు నీళ్లొచ్చాయి. అక్కడేమో నీళ్లు బయటికి పోతేనే సేద్యం. 16వ శతాబ్దంలో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖవారు గట్లు వేసి, మురుగు కాలువలు తవ్వి, గాలిమరలతో నీరు తోడించారు. చలికాలంలో నదిలో మంచు గడ్డలు అడ్డం పడితే వరద ఊళ్ల మీదికి వచ్చేది. అందుకే 1895లో నదికి సముద్రంలోకి తిన్నగా కొత్త దారి తవ్వారు. 1945లో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యం కావాలనే గట్లు తెంచి నేలంతా ముంచేసింది. ఆ నీరు తోడి మళ్లీ దున్నడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు కరెంటు పంపులు తోడుతున్నాయి. గోధుమ, చక్కెర దుంప, ఆవజాతి నూనెగింజలు పండుతున్నాయి.

మన దగ్గర సార్వా కోతల ముందు తుఫానొస్తే చేలో నీరు రోజుల తరబడి దిగదు. డ్రెయిన్లో పూడిక, పైన గుర్రపుడెక్క. పంట కాలువ మీద ఉన్న శ్రద్ధ మురుగు కాలువ మీద లేకపోతే డెల్టా రైతు బాగుపడడని నా గట్టి నమ్మకం.

రాష్ట్రానికి రాబడి తెచ్చేవాటిలో రేవులు ముఖ్యమైనవి. గ్డాన్స్క్ పోలండ్‌లోకెల్లా పెద్ద ఓడరేవు. 1980లో కార్మిక నాయకుడు లేహ్ వావెన్సా నాయకత్వంలో సమ్మె జరిగి సాలిడారిటీ అనే కార్మిక సంఘం పుట్టింది అక్కడి ఓడల కర్మాగారంలోనే. పక్కనున్న గ్డీనియా ఒకప్పుడు జాలరి పల్లె. 1920లలో రేవు కట్టాక నగరమైంది. ఇవి కాక చమురు శుద్ధి కర్మాగారం, సోపోత్ బీచ్‌కి వచ్చే పర్యాటకులు.

ఇక కలెక్టర్ సంగతి. 1999 జనవరి 1న 49 రాష్ట్రాలను 16కి కుదించారు. ఒక్కోదానికి ఇద్దరు పెద్దలు: వొయివోదా, మార్షల్. వొయివోదాని ప్రధానమంత్రి నియమిస్తారు. మార్షల్‌ని రాష్ట్ర సభ ఎన్నుకుంటుంది. ఈ సభకు ఇక్కడ 33 మంది సభ్యులు. అభివృద్ధి పనులు, రాష్ట్ర రోడ్లు మార్షల్ చూస్తారు. కేంద్రం తరఫు అధికారాలు వొయివోదావి. మీరు అడిగిన కలెక్టర్‌కి దగ్గరగా ఉండేది ఈయనే. విదేశీయులకు నివాస అనుమతి ఇచ్చేదీ ఈయన ఆఫీసే. మేనల్లుడిని వీసా గడువు ముగిసేలోపే అక్కడ దరఖాస్తు పెట్టుకోమనండి.