ఎఫ్‌డీ తీసేసి, అప్పు చేసి పాత కారా? వద్దు

ప్రశ్న: నా వయసు 34. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చేది నెలకు రూ.46 వేలు. ఇంటి ఖర్చులు రూ.30 వేలు. భార్య, ఇద్దరు పిల్లలు. 2015 మోడల్ డీజిల్ సెడాన్ రూ.3.90 లక్షలకు వస్తోంది. 1.35 లక్షల కిలోమీటర్లు తిరిగింది. రూ.2 లక్షల ఎఫ్‌డీ తీసేసి, మిగతాది పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. స్నేహితుడు నడిపి చూసి బండి బాగుందన్నాడు. కొనమంటారా?

జవాబు: ఈ పద్ధతిలో అయితే వద్దు. నెలకు రూ.30 వేల ఖర్చంటే ఆరు నెలలకు రూ.1.80 లక్షలు. అంటే ఆ ఎఫ్‌డీయే మీ అత్యవసర నిధి (ఆపదకు పక్కన పెట్టుకునే ఆరు నెలల ఖర్చు). వేరే పొదుపు ఊసే మీ లేఖలో లేదు. రేపు ఉద్యోగానికి ఇబ్బంది వచ్చినా, ఇంట్లో ఎవరైనా మంచాన పడినా మళ్లీ అప్పే గతి. దానికి తోడు మిగతా రూ.1.90 లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు రూ.6,500, మొత్తం వడ్డీ దాదాపు రూ.44 వేలు. ఏటా విలువ తగ్గిపోయే పాత బండికి ఇంత ఖరీదైన అప్పు ఎందుకండీ?

బేరంలో తెగిన రేటే కారు ధర అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. లక్ష దాటి తిరిగిన బండి అసలు ధర మెకానిక్ షెడ్డులో తేలుతుంది. అందుకే స్నేహితుడు ఓ రౌండు తిప్పి చూడటాన్ని తనిఖీ అనుకోకండి. పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌ను వెంటపెట్టుకుని వెళ్లండి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే ఆ రోజుకు తిరిగొచ్చేయండి. ముందే వేడి చేసిన ఇంజిన్‌లో స్టార్టింగ్ ట్రబుల్ బయటపడదు.

సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తూ, కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్‌ను (ఇంజిన్ పైభాగానికీ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు) అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయించండి. అక్కడి నుంచి పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టే, ఇక బేరమాడకండి. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు విప్పించి చూడండి. కాస్త జిడ్డు మామూలే, ఆయిల్ నిలిచి ఉంటే మాత్రం టర్బో సీళ్లు పోయాయేమో చూపించాలి. మూడో గేరులో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోందని. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (క్లచ్‌కు ఆనుకుని ఉండి ఇంజిన్ అదురును తగ్గించే చక్రం) ఉన్న మోడల్ అయితే దాని ఖర్చు విడిగా అడిగి తెలుసుకోండి, క్లచ్ సెట్టు కంటే ఎక్కువే కావచ్చు.

మీటరులో కనిపించే కిలోమీటర్లను సర్వీసు రికార్డులతో పోల్చండి. 60 వేలే తిరిగిందని చూపించే బండిలో క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే మీటరు వెనక్కి తిప్పి ఉండొచ్చు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మీ ఊళ్లో మునిగిన కార్లు కూడా అమ్మకానికి రావచ్చు కాబట్టి సీటు బెల్టును చివరిదాకా లాగండి. బెల్టు కింది భాగంలో బురద చార, సీటు పట్టాల బోల్టులకు తుప్పు, డిక్కీలో స్టెప్నీ గుంతలో మట్టి కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా వద్దు. నీళ్లు తాగిన వైరింగ్ కొన్ని నెలల తర్వాతైనా మొరాయిస్తుంది.

ఏడాదిలోపు మార్చాల్సిన టైర్లు, బ్యాటరీ, షాక్ అబ్జర్వర్లు, క్లచ్, బెల్టులు అన్నింటినీ ధరలతో సహా మెకానిక్ చేత కాగితం మీద రాయించండి. ఆ మొత్తాన్ని బేరంలో తగ్గించమని అడగండి. తగ్గించినా తగ్గించకపోయినా అంత నగదు విడిగా ఉండాలి. అత్యవసర నిధిని దీనికి వాడొద్దు.

బీమా ఉంది కదా అనుకోవద్దు. అరిగిపోయిన భాగాలకు మోటారు పాలసీ డబ్బివ్వదు. ప్రమాదం జరిగినా, పదేళ్లు దాటిన కారుకు జీరో డిప్రిసియేషన్ కవర్ (భాగాల పాతదనానికి కోత పెట్టకుండా క్లెయిమ్ ఇచ్చేది) దొరకడం కష్టం కాబట్టి మార్చిన ప్లాస్టిక్, లోహ భాగాల ఖర్చులో సగం మీరే పెట్టుకోవాలి. కొన్న 14 రోజుల్లోగా పాలసీని మీ పేరుకు మార్చమని బీమా కంపెనీకి దరఖాస్తు ఇవ్వండి. లేకపోతే ఓన్ డ్యామేజ్ (మీ సొంత కారుకు జరిగిన నష్టం) క్లెయిమ్ తిరస్కరిస్తారు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) అమ్మినవారిదే, ఆ తేడా ప్రీమియం మీరు కట్టాలి. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే ఆ కంపెనీ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), అప్పు తీరిందని ఆర్‌సీలో ఆ పేరు తీయించే ఫారం 35 చేతికి రానిదే పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

ఎఫ్‌డీని ముట్టుకోకండి. ఖర్చులు పోగా మీకు మిగిలేది రూ.16 వేలు. అందులో నెలకు రూ.12 వేలు ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కడితే రెండేళ్లకు సుమారు రూ.3 లక్షలవుతాయి. అప్పుడు రూ.2.40 లక్షల్లోపు పెట్రోలు బండి నగదుకు కొని, మిగతా రూ.60 వేలు రిపేర్లకు ఉంచండి. నెలనెలా మిగిలే రూ.4 వేలతో టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా), కుటుంబానికి ఆరోగ్య బీమా ఈ నెలలోనే మొదలుపెట్టండి. అప్పటిదాకా ఊరెళ్లాల్సి వస్తే కారు అద్దెకు తీసుకోండి. ఇప్పటికే టోకెన్ అడ్వాన్స్ ఇచ్చి ఉంటే, ఆ ఐదో పదో వేలు పోయినా సరే, ఈ బేరం నుంచి వెనక్కి రండి.