పల్నాటి కథను నవలగా రాయబోతున్న మేనకోడలికి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

పల్నాటి యుద్ధం మీద నవల రాయాలనుకుంటున్నావని, వీలైతే దాన్నే తర్వాత సినిమా కథగా మలచాలనుకుంటున్నావని నీ ఉత్తరంలో చదివి చాలా సంతోషించాను. ఈ కథను ఏళ్ల తరబడి తరగతిలో పాఠంగా చెప్పినవాడిని కాబట్టి, అది ఎలా రాస్తే నిలుస్తుందని నేను నమ్ముతున్నానో నీకు వివరంగానే చెబుతాను. నువ్వు ఆ యుద్ధం జరిగిన కారెంపూడి రణరంగం గురించి, ఆయుధాల గురించి, సేనల మోహరింపు గురించి ఎక్కువగా అడిగావు. అవన్నీ చివర చూసుకోవచ్చు. ముందుగా, రెండు పక్షాలవారూ ఒకరికొకరు ఏమవుతారో నీ పాఠకుడు ఏ పుటలోనూ మరిచిపోకుండా కథను కట్టుకోవాలి.

పరాయి రాజు దండెత్తి వచ్చిన కథలో శత్రువు ముఖం కనిపించకపోయినా కథ నడిచిపోతుంది. ఒకే వంశంవాళ్లు కత్తులు దూసుకున్న కథ అలా నడవదు. నలగామరాజు, మలిదేవుడు ఇద్దరూ అనుగురాజు కొడుకులే, సవతి తల్లుల బిడ్డలు. ఒకరికి గురజాల, ఇంకొకరికి మాచర్ల. కోడిపందెంలో ఓడినవారు ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లాలన్న షరతు దగ్గరే కథ అసలు మలుపు తిరిగిందని అందరూ అంటారు గాని, నన్నడిగితే ఆ మలుపు అలరాజు రాయబారంలో ఉంది. గడువు తీరాక మాచర్ల పక్షం తమ భాగం అడగడానికి పంపిన అలరాజు నలగామరాజుకు స్వయానా అల్లుడు. అంటే అతడు వెళ్లింది శత్రువు కొలువుకే అయినా, అది అతని అత్తవారిల్లు కూడా. తిరుగు ప్రయాణంలో చర్లగుడిపాడు దగ్గర విషప్రయోగానికి గురై అతడు మరణిస్తే, అతని భార్య పేరిందేవి సహగమనం చేసింది. కూతురి పసుపుకుంకుమలు తన పక్షంవారి చేతిలోనే పోయిన తండ్రి ఆ రాత్రి ఎలా గడిపి ఉంటాడో ఈ కథ చెప్పే ద్విపద కావ్యం 'పల్నాటి వీరచరిత్ర' నీకు విప్పి చెప్పదు. ఆ ఖాళీయే నవలాకారుడి చోటు. అక్కడ యాభై పుటలు రాసినా ఎక్కువ కాదు.

ఇక నలగామరాజు మంత్రి నాగమ్మ. ఈ కథ చెప్పిన చాలామంది ఆమెను ఇల్లు కూల్చిన ఆడదానిగా నిలబెట్టి తమ పని సులువు చేసుకున్నారు. నువ్వు ఆ దారిన పోవద్దు. జిట్టగామాలపాడు నుంచి వచ్చి, ఆ కాలంలో, ఒక స్త్రీ మంత్రి పదవి చేపట్టి, రాజ్యాన్ని నడిపి, స్వయంగా యుద్ధరంగానికి వచ్చిందంటే, ఆమె వెనుక పగ ఒక్కటే కాకుండా పాలన మీద ఒక ఆలోచన ఉండి తీరాలి. రాజ్యం రెండు ముక్కలైతే రెండూ బతకవని ఆమె నిజంగా నమ్మి ఉండవచ్చు కదా? ఆ నమ్మకాన్ని ఆమె నోట పూర్తి బలంతో పలికించు. 1947లో వచ్చిన 'పల్నాటి యుద్ధం' చిత్రంలో కన్నాంబ, 1966లో అదే పేరుతో వచ్చిన చిత్రంలో భానుమతి ఆ పాత్ర వేశారు. అంతటి నటీమణులను కోరే పాత్ర అది.

నాగమ్మకు న్యాయం చేయడమంటే మాచర్ల పక్షం మంత్రి బ్రహ్మనాయుడిని తగ్గించడం కాదు. చాపకూడు పెట్టి అన్ని కులాలవారినీ ఒక్క వరుసలో కూర్చోబెట్టిన మనిషిగా, మాలవాడైన కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనాపతిని చేసిన మనిషిగా పల్నాడు ఆయనను తలుచుకుంటుంది, తలుచుకోవాలి కూడా. అయితే ఒక రాజ్యం భవిష్యత్తును కోడిపుంజు కాలికి కట్టడానికి ఒప్పుకున్నవాడూ ఆయనే. ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయని రాయగలిగితే నీ బ్రహ్మనాయుడు పటంలోంచి దిగి నడుస్తాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ కథలోని పాత్రల్లో ఒక్కొక్కరినీ తమవారని ఈనాటికీ చెప్పుకునేవారు మన చుట్టూ ఉన్నారు. నిన్నమొన్నటి పగ కాదిది, పన్నెండో శతాబ్దం నాటిది. అయినా ఒక్క వాక్యం జారితే రాజుకోగలదు. అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. యాభై ఏళ్ల తర్వాత, 1915లో, 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' అనే మూగ చిత్రం ముసుగులు వేసుకుని నల్లవారిపై దాడులు చేసిన ముఠాను వీరులుగా చూపించింది. ఎప్పుడో అణగిపోయిన ఆ ముఠా అదే ఏడాది మళ్లీ పుట్టింది, కొత్త సభ్యులను చేర్చుకోవడానికి ఆ చిత్రాన్నే వాడుకుంది. చిత్రీకరణలో అది గొప్ప పనితనమున్న సినిమా కావడం వల్ల కీడు పెరిగిందే గాని తగ్గలేదు. నువ్వు బాగా రాస్తావు. అందుకే ఈ మాట నీకు చెబుతున్నాను.

నవలను కారెంపూడిలో ముగించవద్దని నా గట్టి సలహా. తిక్కన చేతిలో భారతం పద్దెనిమిదో రోజుతో ఆగిపోలేదు. స్త్రీపర్వంలో గాంధారి శవాల మధ్య నడుస్తుంది. తర్పణాలు వదిలే వేళ కర్ణుడు మీ అన్నేనని కుంతి చెబుతుంది. తాము చంపినది ఎవరినో పాండవులకు అంతా అయిపోయాక తెలుస్తుంది. మన కథలోనూ అంత బరువైన ముగింపు ఉంది. ఇరువైపులా వీరులు నేలకొరిగాక బ్రహ్మనాయుడు నలగామరాజుకే రాజ్యం అప్పగించి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని చెబుతారు. ఎవరితో పోరాడి కొడుకు బాలచంద్రుడిని పోగొట్టుకున్నాడో ఆయనకే రాజ్యం ఇచ్చాడంటే, ఆ పోరంతా దేనికోసమని బాలచంద్రుడి తల్లి ఐతాంబ, భార్య మాంచాల అడగరా? ఆ ప్రశ్నను వాళ్లచేత అడిగించు. నవలలో కనీసం మూడో వంతు యుద్ధం ముగిశాక జరగనివ్వు.

చదవవలసినవి ఎక్కువ లేవు. శ్రీనాథుడిదిగా చెప్పే 'పల్నాటి వీరచరిత్ర'కు అక్కిరాజు ఉమాకాంతం గారి పరిష్కరణ ఉంది. ఇక్కడి అన్నమయ్య గ్రంథాలయంలో వెతికిస్తాను. బాలచంద్రుడి బొంగరాల ఆట ఘట్టాన్ని నెమ్మదిగా చదువు. యుద్ధం ఒక పిల్లవాడిని వీధిలో, ఆట మధ్యలో ఎలా పట్టుకుంటుందో అక్కడ కనిపిస్తుంది. అయితే కావ్యం ఒక్కటీ చాలదు, పాడేవారి కథ వేరుగా ఉంటుంది. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారెంపూడిలో జరిగే వీరారాధనకు తప్పకుండా వెళ్లు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో ఘట్టం నడుస్తుంది. ఒక్కరోజు చూసి రావద్దు, అయిదు రోజులూ నాగులేరు ఒడ్డునే ఉండు. రాయబారం రోజున వేదిక మీద ఏం జరుగుతుందో చూడడంతో పాటు, వింటున్న పెద్దవాళ్ల ముఖాలను కూడా గమనించు.

రణరంగాన్ని ఎంత రాయాలో అప్పటికి నీకే తెలుస్తుంది. మొదటి మూడు అధ్యాయాలు పూర్తికాగానే నాకు పంపు. వాటిలో నాగమ్మ మాట్లాడే చోట్లు ముందుగా చదివి, ఆమె మాట ఎక్కడ బలహీనంగా ఉందో గుర్తుపెట్టి పంపిస్తాను.

ఇట్లు,
మీ మామయ్య