సినిమా కొన్నది నేను, కేబుల్‌లో వేసింది మరొకరు: ఫిర్యాదు చేసే హక్కు నాకుందా?

ప్రశ్న: మాది చిత్తూరు. ఒక కొత్త సినిమా థియేటర్ హక్కులను చిత్తూరు జిల్లా వరకు సీడెడ్ (రాయలసీమ) బయ్యర్ దగ్గర మినిమం గ్యారంటీ (వసూళ్లు ఎలా ఉన్నా ఒప్పుకున్న మొత్తం కట్టే పద్ధతి) మీద కొన్నాను. శుక్రవారం విడుదలైతే శనివారం రాత్రే శ్రీకాళహస్తిలో ఒక లోకల్ కేబుల్ చానల్‌లో వేసేశారు. ఆదివారం మ్యాట్నీకి సగం సీట్లు కూడా నిండలేదు. స్టేషన్‌కు వెళితే నిర్మాతే వచ్చి ఫిర్యాదు ఇవ్వాలన్నారు. నాకు హక్కు లేదా? కట్టిన డబ్బు బయ్యర్ నుంచి రాబట్టుకోవచ్చా?

జవాబు: నిర్మాతే రావాలన్న మాట చట్టప్రకారం నిలవదు. కాపీరైట్ చట్టం, 1957లోని 63వ సెక్షన్ కింద తెలిసి చేసిన ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఇది కాగ్నిజబుల్ (పోలీసులు నేరుగా కేసు పెట్టగల), నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని) నేరమని సుప్రీంకోర్టు 2022లో నిట్ ప్రో కేసులో తేల్చింది కనుక, సమాచారం ఎవరిచ్చినా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయవలసిందే. సబ్ ఇన్‌స్పెక్టర్, ఆపై స్థాయి అధికారి వారంటు లేకుండానే పైరసీ కాపీలను, వాటి తయారీకి వాడిన సామగ్రిని స్వాధీనం చేసుకోవచ్చు. దీనికి తోడు 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం, దొంగ కాపీని లాభం కోసం ప్రజలకు ప్రదర్శించిన వారికి కనీసం 3 నెలలు, గరిష్ఠంగా 3 ఏళ్ల జైలుతో పాటు 3 లక్షలకు తగ్గని జరిమానాను విధిస్తోంది. ఆ జరిమానా ఆడిట్ అయిన నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా పెరగవచ్చు. నెలనెలా చందా వసూలు చేసే కేబుల్ ఆపరేటరుకు ఇది వర్తిస్తుందనే నా అభిప్రాయం. స్టేషన్‌లో మళ్లీ తీసుకోకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(4) కింద రాతపూర్వకంగా ఎస్పీకి పంపండి, ఆపైన మేజిస్ట్రేటును ఆశ్రయించండి.

సివిల్ దావా మాత్రం అంత సులువు కాదు. మీరు కొన్నది థియేటర్లలో ప్రదర్శించే హక్కు; టీవీ, కేబుల్ ప్రసార హక్కు నిర్మాత దగ్గరో, ఆయన నుంచి కొన్న చానల్ దగ్గరో ఉంటుంది. అందువల్ల మీ కలెక్షన్‌ను దెబ్బతీసిన ప్రసారమే అయినా, ఉల్లంఘనకు గురైన హక్కు మీది కాదని ఎదుటి లాయరు తప్పక వాదిస్తాడు. చట్టం ప్రకారం ఎక్స్‌క్లూజివ్ లైసెన్సీ (ఆ హక్కును తానొక్కడే వాడుకునేలా అనుమతి పొందినవారు) దావా వేయగలిగినా, అసలు హక్కుదారును అందులో పార్టీగా చేర్చాలి. కాబట్టి బయ్యర్ ద్వారా నిర్మాత నుంచి అధికార పత్రం తెప్పించుకుని, వీలైతే ఆయన్నే సహవాదిగా చేర్చి, ప్రసారాన్ని ఆపే ఇంజంక్షన్ కోరండి. అత్యవసర ఉత్తర్వు కోరినప్పుడు దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లనవసరం లేదు. వారం రోజుల్లో రాబడి తేలిపోయే వ్యాపారంలో ఇది చాలా ముఖ్యం.

మీ ఒప్పందంలో ‘చిత్తూరు జిల్లా’ అని మాత్రమే ఉందేమో చూడండి. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీకాళహస్తి తిరుపతి జిల్లాలో ఉంది. సినిమా వ్యాపారంలో ఇప్పటికీ ఉమ్మడి జిల్లానే లెక్క అని మనకు తెలుసు, కానీ కోర్టు కాగితాన్నే చూస్తుంది. ‘ఉమ్మడి చిత్తూరు జిల్లా’ అని బయ్యర్ చేత వివరణ పత్రం రాయించుకోండి.

సాక్ష్యం విషయంలో జాగ్రత్త తప్పనిసరి. తెర మూలన చానల్ గుర్తు, సమయం కనిపించేలా తీసిన వీడియోను వాట్సాప్‌లో పంపి, అసలు ఫైలును తుడిచేయకండి; తీసిన ఫోనునే భద్రంగా ఉంచి, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం) జత చేయండి. డిజిటల్ ప్రింటులో కంటికి కనిపించని వాటర్‌మార్క్ ఉంటుంది. దాని ఆధారంగా దొంగ కాపీని ఏ థియేటర్లో, ఏ ఆటలో చిత్రీకరించారో గుర్తించవచ్చు. అది మీ థియేటరే అని తేలితే మీ సిబ్బందికే నోటీసు వస్తుంది కనుక ముందుగా విచారించుకోండి.

ఇక డబ్బు సంగతి. అడ్వాన్సు పద్ధతిలో అయితే వసూలు కాని మొత్తాన్ని అడగవచ్చు. మినిమం గ్యారంటీలో నష్టం కొన్నవారిదే. పైరసీ జరిగినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు. పైరసీని అడ్డుకునే బాధ్యత బయ్యర్‌దని స్పష్టమైన షరతు ఉన్నా, లీకు ఆయన వైపు నుంచే జరిగిందని రుజువైనా మాత్రమే నష్టపరిహారం కోరవచ్చు. ఇలాంటి షరతు లేకుండా ఇంత పెట్టుబడి పెట్టవలసి రావడం చిన్న బయ్యర్లకు అన్యాయమేనని నేను గట్టిగా నమ్ముతాను, అయినా ఉన్న కాగితం మీదే వాదించాలి. లాయరు దగ్గరకు ఒప్పందం, చెల్లింపు రసీదులతో పాటు శుక్రవారం నుంచి ప్రతి ఆట డీసీఆర్‌లనూ (రోజువారీ వసూళ్ల నివేదికలను) తీసుకెళ్లండి. నష్టాన్ని లెక్కగట్టేది వాటితోనే.