1964లో కమ్యూనిస్టు పార్టీ చీలింది చైనా యుద్ధం వల్లేనా?

కాదు, 1962 యుద్ధం చీలికను తొందరపెట్టిందే తప్ప అసలు కారణం కాదు. అంతకు ముందునుంచే పార్టీలో పెద్ద తగవు ఒకటి నడుస్తోంది: కాంగ్రెస్‌తో కలిసి నడవాలా, దాన్ని ఎదిరించాలా? ఎన్నికలతో అధికారం తెచ్చుకునే దారిని ఎంతవరకు నమ్మాలి? సోవియట్, చైనా పార్టీల గొడవ దీనికి ఆజ్యం పోసింది. యుద్ధ సమయంలో చాలామంది నాయకులను ప్రభుత్వం జైల్లో పెట్టడంతో పగుళ్లు ఇంకా పెరిగాయి. 1964 ఏప్రిల్‌లో జాతీయ సమితి నుంచి 32 మంది బయటికి వచ్చేశారు; జులైలో మన తెనాలిలోనే సదస్సు పెట్టుకున్నారు.

అనంతపురం నాయకుడు తరిమెల నాగిరెడ్డి సంగతే చూడండి. చీలికలో, బయటికి వచ్చినవాళ్లు పెట్టుకున్న కొత్త పార్టీ సీపీఎం వైపు వెళ్లారు, 1968లో దానికీ దూరమయ్యారు, 1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. అప్పుడు ఏ సరిహద్దు యుద్ధమూ లేదు. తగవంతా చట్టసభల దారి మీదే.

సీపీఎం అంటే చైనా పార్టీ అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. చైనాపై దాని మెతకవైఖరిని విమర్శించొచ్చు, అది వేరే మాట. కానీ 1967లో బెంగాల్‌లోని నక్సల్బరీ రైతు తిరుగుబాటును మెచ్చుకుంటూ అదే సీపీఎంను రివిజనిస్టులని, అంటే మార్క్సిజాన్ని నీరుగార్చేవాళ్లని, తిట్టిపోసింది పెకింగే (చైనా పార్టీయే).