ఇరవయ్యా, అరవయ్యా? ఫోన్లో పనిచేసేవారి ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఫోన్లో ఆర్డర్లు రాసుకునే పని నాది. ఎంత శ్రద్ధగా విన్నా అంకెలు, పేర్లు అప్పుడప్పుడు తప్పు పడుతున్నాయి. లోపం నా చెవిలోనే ఉందా?

జవాబు: ముందు లైనును అనుమానించండి. మామూలు టెలిఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనినే మోస్తుంది. స, ఫ పలికినప్పుడు ఊదినట్టు వచ్చే శబ్దం చాలామటుకు అంతకు పైనే ఉంటుంది, కాబట్టి దారిలోనే పోతుంది. ఎదురుగా ఉన్న మనిషైతే పెదాల కదలిక చూసి సర్దుకుంటాం, ఫోన్లో ఆ వీలు లేదు. ఎక్కువ స్పష్టంగా వినిపించే హెచ్‌డీ వాయిస్ కాల్స్‌లో 7000 హెర్ట్జ్ దాకా వస్తుంది గానీ, రెండు ఫోన్లూ మధ్యనున్న నెట్‌వర్కూ దానికి పనికొచ్చేవై ఉండాలి.

ఇరవైకీ అరవైకీ తేడా మొదటి అచ్చు ఒక్కటే. లైను కాస్త తడబడితే అదీ పోతుంది. అందుకే "అరవై, ఆరు సున్నా" అని విడగొట్టి చెప్పండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీలకూ అదే మందు. ఒకేలా వినబడే ఇంగ్లిష్ అక్షరాల్లో బీ, డీ, పీ, టీ ఒక గుంపు, ఎమ్, ఎన్ ఇంకో గుంపు. విమానయానంలో అక్షరానికొకటిగా వాడే బ్రావో, డెల్టా, పాపా, టాంగో, మైక్, నవంబర్ అనే మాటలు ఇందుకోసమే పుట్టాయి. కస్టమరుకు ఆ పట్టిక తెలియనక్కర్లేదు, "డెల్టాలో డీ అండీ" అంటే అర్థమైపోతుంది.

ఇక అసలు తప్పు తిరిగి చదివే దగ్గర జరుగుతుంది. పది అంకెలూ గబగబా చదివి "కరెక్టేనా అండీ?" అంటే ఎవరైనా "ఆఁ" అనేస్తారు. మూడు, మూడు, నాలుగుగా చదవండి. ప్రతి ముక్క దగ్గరా క్షణం ఆగితే, తప్పుంటే వాళ్లే ఆపుతారు. ఒక్క అంకె మీదే సందేహమైతే మొత్తం మళ్లీ చెప్పించకండి. "నాలుగు ఏడు తర్వాత ఏమన్నారండీ?" అని అడగండి. తేదీకి వారం పేరు జతచేయండి: "పన్నెండో తారీకు, గురువారం". ఏది తప్పుగా విన్నా రెండింటికీ పొంతన కుదరదు, పొరపాటు అక్కడే బయటపడుతుంది.

ప్రశ్న: కోపంగా ఫోన్ చేసినవాళ్లను శాంతించమంటే ఇంకా మండిపడుతున్నారు. మౌనంగా వింటే "వింటున్నారా అసలు?" అంటున్నారు. ఎలా?

జవాబు: "శాంతించండి" అనగానే వస్తువు గొడవ పక్కకు పోయి, మాట వాళ్ల ప్రవర్తన మీదికి మళ్లుతుంది. ఆ మాట పూర్తిగా మానేయండి. మౌనం సంగతి వేరు. ఫోన్లో తల ఊపడం కూడా నోటితోనే చేయాలి. "ఊఁ", "అవునండీ", "అలాగా"... రెండు మూడు వాక్యాలకు ఒకటి చాలు, అదీ వాళ్లు ఊపిరి తీసుకునే సందులో. ఇంటర్నెట్ కాల్స్‌లో ఇంకాస్త జాగ్రత్త కావాలి. మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్ల కన్నా చాలా ఎక్కువ పడితే ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడుతుంటారు. మీరు అడ్డుపడాలనుకోకపోయినా వాళ్లకు అలాగే వినిపిస్తుంది. వాళ్లు ఆగారనిపించాక ఇంకో అర సెకను ఆగి మొదలుపెట్టండి.

మొదట్లో ఏ వివరణా ఇవ్వకండి, ఎంత న్యాయమైనదైనా సరే. మూడు విషయాలు రాసుకోండి: ఏం జరిగింది, ఎప్పటినుంచి, ఇప్పుడేం కావాలంటున్నారు. వాళ్లు కాస్త నెమ్మదించాక వాటినే వాళ్ల మాటల్లో చెప్పండి: "సోమవారం రావాల్సిన మెషీన్ ఇవాళ్టికీ రాలేదు. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ రేపన్నారు. మీకిప్పుడు ఖాయమైన తేదీ కావాలి. అంతేనా అండీ?" "అవును, అదే" అన్నారంటే సగం పని అయినట్టే. అనలేదంటే పరిష్కారం చెప్పే వేళ ఇంకా కాలేదు, మీరు ఏది వదిలేశారో అడగండి.

క్షమాపణ ఒక్కసారి చాలు, అదీ ఫలానా తప్పుకని చెప్పాలి: "రెండుసార్లు తప్పు తేదీ చెప్పినందుకు క్షమించండి." "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనేది టేపు వేసినట్టుంటుంది. మూడోసారి వింటే శాంతమూర్తికైనా ఒళ్లు మండుతుంది. మీ చేతిలో లేని డెలివరీ తేదీకి మాటివ్వకండి. మీ చేతిలో ఉన్నది మీరు తిరిగి చేసే కాల్: "సమాచారం అందినా అందకపోయినా సాయంత్రం 4 గంటలకు నేనే చేస్తాను." ఆ కాల్ తప్పితే మాత్రం ఇక ఏం చెప్పినా నమ్మరు.

ప్రశ్న: హోల్డ్‌లో పెట్టి వచ్చేసరికి కస్టమర్ ఫోన్ పెట్టేస్తున్నారు.

జవాబు: "ఒక్క నిమిషం" అన్నది ఎవరూ నమ్మని మాట. కారణం, సమయం చెప్పి అనుమతి అడగండి: "బిల్లు వివరాలు ఇంకో విభాగంలో చూడాలండీ, రెండు నిమిషాలు పడుతుంది. లైన్లో ఉంటారా, నన్నే తిరిగి చేయమంటారా?" జవాబు విన్నాకే బటన్ నొక్కండి. పని పూర్తికాకపోయినా ఒకటిన్నర నిమిషానికే లైన్లోకి వచ్చి సంగతి చెప్పండి. హోల్డ్ బదులు మ్యూట్ వాడితే అవతల ఏమీ వినబడదు, కాల్ కట్టయిందనుకుంటారు. ఇంకొకరికి బదిలీ చేసేటప్పుడు ముందు మీరే వాళ్లతో మాట్లాడి విషయం అప్పజెప్పండి. కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పాల్సి రావడమే జనానికి అన్నిటికన్నా విసుగు.

ప్రశ్న: అమ్మకాల కాల్స్ చేస్తాను. పది సెకన్లకే పెట్టేస్తున్నారు.

జవాబు: ముక్కూ మొహం తెలియనివాళ్లను "ఎలా ఉన్నారండీ?" అని పలకరిస్తున్నారేమో చూసుకోండి. అది వినగానే అమ్మకమని తెలిసిపోతుంది. ఎవరు, ఎందుకు, ఎంతసేపు అన్న మూడూ రెండు వాక్యాల్లో రావాలి: "నమస్కారమండీ, ఫలానా కంపెనీ నుంచి రవిని. మీ ఆఫీసు ప్రింటర్ల సర్వీసు గురించి రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" కాల్ కలిసిన క్షణంలో మొదటి అక్షరాలు తెగిపోతుంటాయి, కాబట్టి ముందు నమస్కారం, తర్వాతే పేర్లు. గొంతును బట్టి సార్, మేడమ్ అని ఊహించకండి. "అండీ" ఎవరికైనా సరిపోతుంది.

ధర చెప్పాక ఆగండి. చాలామంది ఆ నిశ్శబ్దానికి బెదిరి, అవతలివాళ్లు అడగకముందే తగ్గించేస్తారు. "ఎక్కువండీ" అంటే వాదించకుండా "దేంతో పోలిస్తే అండీ?" అనండి. పోటీ కంపెనీ ధరా, వాళ్ల బడ్జెట్టా, ఊరికే అన్న మాటా అన్నది అప్పుడు తేలుతుంది, మూడింటికీ జవాబులు వేరు. ఇక ఫోన్ చేయొద్దని అన్నవాళ్ల నంబరును ఆ రోజే జాబితాలోంచి తీయించండి.

ప్రశ్న: అడగకుండానే కస్టమర్లు కార్డు వెనక ఉన్న మూడంకెలు, ఓటీపీ చదివేస్తున్నారు.

జవాబు: వెంటనే ఆపండి: "అది నాకు చెప్పకండి, ఎవరికీ చెప్పకండి." కార్డు చెల్లింపుల భద్రతకు పెట్టిన పీసీఐ డీఎస్‌ఎస్ ప్రమాణం ప్రకారం చెల్లింపు ఆమోదం అయ్యాక ఆ మూడంకెలు దాచకూడదు, కాల్ రికార్డింగులోనైనా సరే. అప్పటికే చదివేసి ఉంటే, ఆ రికార్డింగులోని ఆ ముక్కను తొలగించమని సూపర్‌వైజరుకు రాతపూర్వకంగా తెలపండి. మీ నోట్సులో రాసుకోవద్దు.

ప్రశ్న: సాయంత్రానికి గొంతు బొంగురుపోతోంది.

జవాబు: అరుస్తున్నట్టున్నారు. చుట్టూ సందడి ఉంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు, దీన్ని లొంబార్డ్ ప్రభావం అంటారు. మీ మాట మీకు హెడ్‌సెట్‌లో కొద్దిగా వినబడాలి, దాన్ని సైడ్‌టోన్ అంటారు. అది మరీ తగ్గినా అరుస్తాం. సెట్టింగుల్లో ఉంటే కాస్త పెంచి చూడండి. మైకును నోటికి సూటిగా కాకుండా పెదవుల మూలన, రెండు వేళ్ల దూరంలో పెట్టండి. గొంతు అదేపనిగా సవరించుకోవడం మాని, కాల్‌కూ కాల్‌కూ మధ్య ఒక గుక్క నీళ్లు తాగండి. బొంగురు మూడు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోండి.