చిన్నా, దేవుణ్ణి సహాయం అడిగేటప్పుడు

చిన్నా,

ప్రభువు నామంలో నీకు, కోడలికి శుభములు. కూడికలో అందరి ముందు చక్కగా ప్రార్థన చేయగలుగుతున్నావనీ, ఇంటికొచ్చాక మాత్రం కోపం ఆపుకోలేకపోతున్నావనీ రాశావు. ఎంత అడిగినా దేవుడు ఈ ఒక్కటి మార్చడం లేదేమని బాధపడ్డావు. అడగడం మానకు నాన్నా. అడిగే తీరు గురించే నీకు నాలుగు మాటలు చెప్పాలి.

బైబిల్లో రెండవ దినవృత్తాంతములు 20వ అధ్యాయం ఈ రాత్రి తీసి చదువు. మోయాబీయులు, అమ్మోనీయులు పెద్ద దండుగా వచ్చి ఏన్గెదీలో ఉన్నారని కబురొస్తే యూదా రాజు యెహోషాపాతు భయపడ్డాడు. ఆ భయాన్ని దాచుకోలేదు. యూదా అంతటా ఉపవాసం చాటించాడు. ఆడవాళ్ళు, పసిపిల్లలు సహా అందరూ నిలబడి వింటుండగా, మాకు శక్తి చాలదు, "ఏమి చేయుటకును మాకు తోచదు, నీవే మాకు దిక్కు" అన్నాడు. రాజు అయ్యుండి తన ప్రజల ముందు ఆ మాట అనడం చిన్న విషయం కాదు. మనమేమో ఆ మాట దాటేసి నేరుగా విజయం ఇమ్మంటాం.

నువ్వూ అలా ఒప్పుకో. "నాలోని బలహీనతలు తీసివేయుము" అని మొత్తంగా అనేస్తే ఎక్కడా గుచ్చుకోదు. "ప్రభువా, నిన్న రాత్రి అన్నం దగ్గర నా భార్యను ఈ మాట అన్నాను, తప్పు నాదే" అని ఆ మాటతో సహా చెప్పు. ఆఫీసు టెన్షన్ వల్ల అన్నానని చివర కలపకు. యేసు చెప్పిన ఉపమానంలో దేవాలయానికి వచ్చిన సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, కారణాలేమీ చెప్పలేదు, పాపినైన నన్ను కరుణించుమన్నాడు, అంతే. వచనాలు వరసగా అప్పజెప్పక్కర్లేదు. మాటలు రాని రోజు ఊరికే మోకాళ్ళ మీద ఉండు.

ఇది మాత్రం శ్రద్ధగా విను. పేతురు మొదటి పత్రిక 3:7లో భార్యను సన్మానించమని భర్తలకు రాస్తూ, మీ ప్రార్థనలకు అభ్యంతరం కలగకుండా ఉండాలని కారణం కూడా చెప్పాడు. నీ ప్రార్థన ఎక్కడ ఆగుతోందో అక్కడ వెతుక్కో. మోకాళ్ళ మీద నుంచి లేచి ముందు కోడలి దగ్గరకు వెళ్ళు, క్షమించమని అడుగు. దేవుని ముందు తగ్గించుకుని భార్య ముందు తగ్గనంటే అది దీనత్వమని నేను ఒప్పుకోను. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ఉందని చెప్పిన ముల్లు, ఎంత వేడుకున్నా దేవుడు తీసెయ్యనిది, దానితో నీ కోపాన్ని పోల్చుకుని సర్దుకోవద్దు. ఆ ముల్లు పౌలును బాధపెట్టింది. నీ కోపం ఆమెను బాధపెడుతోంది.

కోపం పోతే కృతజ్ఞత కానుక ఇస్తాను, సాక్ష్యం చెబుతాను అని బేరం పెట్టకు. కానుక ఇవ్వాలనుంటే ఇప్పుడే ఇచ్చెయ్యి.

యెహోషాపాతుకు జవాబు జనంలో ఉన్న ఒక లేవీయుడి, అంటే దేవాలయ సేవ చేసే గోత్రంవాడి, నోట వచ్చింది. రాజు సాష్టాంగపడ్డాడు. నీకు ఆ జవాబు కోడలి నోటి నుంచే రావచ్చు, ఆమె చెప్పేటప్పుడు మధ్యలో అడ్డురాకు. మీ సంఘం పాస్టరు అయ్యగారితో విడిగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పు. ఎప్పుడైనా చెయ్యి లేచేదాకా వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు, కౌన్సెలింగ్‌కి వెళ్ళు. దేవుణ్ణి సహాయం అడిగినవాడు మనుషుల దగ్గర సహాయం తీసుకోవడానికి సిగ్గుపడకూడదు.

ఆదివారం ఆరాధన అయ్యాక కోడలి చేత నాకు ఫోన్ చేయించు. తనతో కూడా మాట్లాడాలి.

నీ పెద్దమ్మ