పొగ ఉంటే నిప్పు ఉన్నట్టేనా?

ప్రశ్న: 2020లో బాక్సర్ టైసన్ ఫ్యూరీ చేతిలో ఓడాక డియాంటే వైల్డర్, ఫ్యూరీ గ్లవ్స్‌లో ఏదో మతలబు చేశాడని ఆరోపించాడు. ఫ్యూరీ పేరుకి పెద్దగా ఏమీ కాలేదు. అదే ఇంకో బాక్సర్ ఆంటోనియో మార్గరీటోని మాత్రం ఇప్పటికీ మోసగాడంటారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, ఒకరికో న్యాయం ఇంకొకరికో న్యాయమా?

జవాబు: తేడా ఒక్కటే, వస్తువు చేతికి దొరకడం. వైల్డర్ ఓడిన కొత్తలో రింగ్‌లోకి వేసుకొచ్చిన డ్రెస్ బరువుకి కాళ్లు పట్టేశాయన్నాడు, డ్రెస్సే 40 పౌండ్లకు పైన ఉందన్నాడు. గ్లవ్స్ గొడవ నెలల తర్వాత ఎత్తాడు. అప్పటికి ఎవరైనా తనిఖీ చేయడానికి ఏముంటుంది, వీడియో ముక్కలు తప్ప? పైగా 2021లో మళ్లీ తలపడితే 11వ రౌండ్లో నాకౌట్ అయ్యాడు, దాంతో ఆ మాటని పట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు.

మార్గరీటో సంగతి అలా కాదు. 2009 జనవరి 24, లాస్ ఏంజెలెస్, షేన్ మోస్లీతో ఫైట్. గ్లవ్స్ తొడిగే ముందు చేతులకు కట్లు కడతారు, అవతలి పక్షం మనిషి ఒకరు దగ్గరుండి చూస్తారు. ఆ రోజు చూడటానికి వెళ్లింది మోస్లీ ట్రైనర్ నజీమ్ రిచర్డ్‌సన్. పిడికిలి మీద పెట్టే మెత్త (ప్యాడ్) మృదువుగా ఉండాలి కదా, అది గట్టిగా తగలడంతో ఆయన అక్కడే పేచీ పెట్టాడు, అధికారులు దాన్ని స్వాధీనం చేసుకుని కట్లు మళ్లీ కట్టించారు. ల్యాబ్‌లో కాల్షియం, సల్ఫర్ బయటపడ్డాయి, తడిపి ఆరితే గట్టిపడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ఉండేవి అవే. బాక్సింగ్‌ని పర్యవేక్షించే కాలిఫోర్నియా కమిషన్ మార్గరీటోదీ, అతని ట్రైనర్ కాపెటియోదీ లైసెన్సులు రద్దు చేసింది. ట్రైనర్ పొరపాటున వేరేవి పెట్టానన్నాడు, మార్గరీటో నాకేం తెలియదన్నాడు. చేతికి ఏం చుడుతున్నారో బాక్సర్‌కి తెలియదంటే నాకైతే నమ్మబుద్ధి కాదు.

అసలు దెబ్బ లైసెన్సు పోవడం కాదండీ, పాత గెలుపులు పోవడం. అంతకు ఆరు నెలల ముందు, 2008 జులైలో, మిగెల్ కొట్టో అనే బాక్సర్‌ని మార్గరీటో 11వ రౌండ్లో ఓడించాడు. అప్పుడు జనం అది మార్గరీటో గుండె ధైర్యమన్నారు, రిచర్డ్‌సన్ ఆ మెత్త పట్టుకున్నాక కొట్టో వాచిపోయిన ముఖం ఫొటోలు తీసి మళ్లీ చూశారు. ఆ రాత్రి కట్లలో ఏముందో రుజువు లేదు, రుజువయ్యే దారీ లేదు, కాబట్టి దాన్ని మోసపు గెలుపు అనడం న్యాయం కాదు. అయినా ఆ ఫైట్ చూస్తుంటే నా కళ్లు అతని పిడికిళ్ల మీదకే పోతాయి, ఏం చేయను! 2011లో కొట్టో తిరిగి గెలిచాక అభిమానులు లెక్క తేలిపోయిందన్నారు గానీ, అది దేనికి రుజువో నాకు అర్థం కాదు, మధ్యలో ఇంకో బాక్సర్ పాక్వియావో చేతిలో మార్గరీటో కంటి ఎముక విరిగి ఉంది మరి.

వస్తువు దొరక్కపోయినా మచ్చ అంటుకోవడమూ ఉంది. 1919లో బాక్సర్ జాక్ డెంప్సీ మొదటి రౌండ్లోనే అప్పటి హెవీవెయిట్ చాంపియన్ విల్లార్డ్‌ని ఏడుసార్లు పడగొట్టాడు. 1964లో, అప్పటికే చనిపోయిన డెంప్సీ పాత మేనేజర్ కథనం ఒకటి పత్రికలో వచ్చింది, కట్లకు ప్లాస్టర్ పెట్టానని. డెంప్సీ పత్రిక మీద కేసు వేశాడు. ఆధారం లేని ఆ మాట ఇవాళ్టికీ తిరుగుతూనే ఉంది.

ప్రశ్న: మరి మోస్లీ నిజాయితీపరుడేనా?

జవాబు: మంచి చోట పట్టుకున్నారు. 2003లో బాక్సర్ డి లా హోయాతో రెండో ఫైట్‌కి ముందు బాల్కో సంస్థ ఇచ్చిన డోపింగ్ మందులు, రక్తంలో ఎర్రకణాలు పెంచే ఈపీఓతో సహా, వాడినట్టు గ్రాండ్ జ్యూరీ (అమెరికాలో కేసు విచారించే పౌరుల బృందం) ముందు చెప్పాడు. అవి నిషేధించినవని తెలియదన్నాడు, అంటే మార్గరీటో చెప్పిన సాకే! ఆ ఫైట్‌లో మోస్లీ గెలుపు రికార్డుల్లో అలాగే ఉంది. మీరడిగిన "ఒకరికో న్యాయం" ఫ్యూరీ విషయంలో కాదు, ఇక్కడ నిజంగా కనిపిస్తుంది.